ఈ గమలీయేలు ఏ గమలీయేలు? ప్రాచీన యూదు పండితుల వివరాలు ఏ పుస్తకంలో వెతకాలి

మీ ప్రశ్న ఇదీ: పిర్కే అవోత్ అనే ప్రాచీన యూదు పండితుల సూక్తుల పుస్తకాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదువుతున్నారు, పేర్ల దగ్గర తికమక పడుతున్నారు. అదే గమలీయేలు, అదే షిమోన్ మళ్లీ మళ్లీ వస్తున్నారు. ఎవరు ఏ కాలం వారో, ఏం చేశారో చెప్పే మంచి పుస్తకం ఒక్కటి చెప్పమన్నారు. హీబ్రూ రాదనీ, ఎక్కువ ఖర్చు పెట్టలేననీ అన్నారు. చివర్లో, అపొస్తలుల కార్యములలో పౌలుకు గురువుగా కనిపించే గమలీయేలు, ఈ గమలీయేలు ఒకరేనా అని కూడా అడిగారు.

మీరడిగిన పుస్తకం ఉంది. పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది కూడా. పేరు కింద చెబుతాను. కానీ దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పకుండా పేరు మాత్రం చెప్పి వదిలేస్తే మీకు మేలు కన్నా కీడే ఎక్కువ. ఈ రకం పుస్తకాలన్నీ రెండు పనులు చేస్తాయి. ఫలానా పేరు ఎవరిది, ఏ తరం, ఎవరి శిష్యుడు, ఏ ఊళ్లో బోధించాడు అని చెప్పడం ఒకటి. ఈ పని అవి చాలా బాగా చేస్తాయి. పుట్టుక నుంచి చావు దాకా ఒక జీవిత కథ అల్లి చెప్పడం రెండోది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

ముందు మీ గమలీయేలు సంగతి చూద్దాం. అవోత్ మొదటి అధ్యాయం 16వ వచనంలో 'నీకొక గురువును ఏర్పరచుకో' అనే గమలీయేలును సాధారణంగా పెద్ద గమలీయేలుగా లెక్కిస్తారు. ఈయన క్రీ.శ. మొదటి శతాబ్దం మొదటి సగం వాడు. 17వ వచనంలో మౌనాన్ని మెచ్చుకునే షిమోన్ ఆయన కొడుకు. యెరూషలేము దేవాలయం 70లో కూలక ముందు, రోమ్ మీద యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఉన్నాడు. ఆ షిమోన్ కొడుకు యవ్నె గమలీయేలు. దేవాలయం పోయాక పండితులకు పెద్ద దిక్కైంది ఈయనే. ఆయన కొడుకు మళ్లీ షిమోన్. 18వ వచనంలో 'లోకం మూడింటి మీద నిలిచి ఉంది' అన్న మాటను ఎక్కువమంది ఈ రెండో షిమోన్‌దే అంటారు. ఆయన కొడుకు యెహూదా హనసీ. 200 ప్రాంతంలో మిష్నాను, అంటే యూదు ధర్మశాస్త్ర సంకలనాన్ని, కూర్చింది ఈయనే. ఆయన కొడుకు మళ్లీ గమలీయేలు! రెండో అధ్యాయం 2వ వచనంలో మాట్లాడేది ఈ మూడో గమలీయేలు. అంటే మీరు రెండు పేజీలు తిప్పేసరికి దాదాపు రెండు వందల ఏళ్లు గడిచిపోయాయన్నమాట. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకూ అలవాటే కాబట్టి ఈ వరస మీకు త్వరగానే పట్టుబడుతుంది.

పౌలు గురువు మొదటి గమలీయేలే అని పండితులు సాధారణంగా ఒప్పుకుంటారు. కాలం సరిపోతుంది, హోదా సరిపోతుంది. అయితే ఆ సంగతి చెప్పేది కొత్త నిబంధన మాత్రమే. మిష్నాలో గానీ, దాని మీద తరవాతి పండితుల చర్చలను కూర్చిన తాల్ముద్‌లో గానీ పౌలు పేరు లేదు. మరోవైపు, యూదు గ్రంథాలకు బయట కూడా కనిపించే పండితులు చాలా తక్కువ. వాళ్లలో ఈ తండ్రీకొడుకులు ఉన్నారు. తండ్రి కార్యముల గ్రంథంలో కనిపిస్తాడు, కొడుకు షిమోన్‌ను చరిత్రకారుడు జోసెఫస్ తన ఆత్మకథలో ప్రస్తావించాడు. మిగతా వాళ్లలో అత్యధికుల గురించి మనకు తెలిసిందంతా వాళ్ల శిష్యుల శిష్యులు చెప్పుకున్నదే.

పై వరసలో కూడా ఒక చిన్న మెలిక ఉంది. మొదటి గమలీయేలు హిల్లెల్ అనే మహా పండితుడికి మనవడని ప్రతి పుస్తకమూ రాస్తుంది. హిల్లెల్‌కూ గమలీయేలుకూ నడుమ షిమోన్ అనే ఆయన పేరు తాల్ముద్ మొత్తంలో కనిపించేది షబ్బాత్ గ్రంథం 15వ ఆకులో ఒకే ఒక్కసారి. ఆ ఒక్క వాక్యం మీదే మనవడనే మాట నిలబడి ఉంది. ఈ రకం పుస్తకాల్లో ఎంట్రీ చదివేటప్పుడు ఇలాంటివి బయటికి కనిపించవు.

ఇక పుస్తకం. 1901 నుంచి 1906 వరకు న్యూయార్క్‌లో 12 సంపుటాలుగా వచ్చిన జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఆన్‌లైన్‌లో మొత్తం ఉచితం. ఇంత పాతది ఎందుకంటారా? ఆ కాలంలో ఈ రంగంలో ఉద్దండులైన విల్‌హెల్మ్ బాఖర్, లూయిస్ గింజ్‌బర్గ్ లాంటి వాళ్లు పండితుల ఎంట్రీలు చాలా రాశారు. అంతకన్నా ముఖ్యంగా, ఎంట్రీలో ఏ విషయం ఎక్కడి నుంచి తీసుకున్నారో వెంటనే పక్కన చూపిస్తారు. 'బెర్. 61 బి' అని ఉంటే బెరఖోత్ గ్రంథం, 61వ ఆకు, రెండో పక్క అని. బాబిలోనియా తాల్ముద్ ఏ ప్రతి తీసుకున్నా ఈ ఆకు లెక్క ఒకటే. 1520 నుంచి 1523 మధ్య వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అచ్చు వేసినప్పుడు కుదిరిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది. ఇశ్రాయేలు దేశంలో తయారైన రెండో తాల్ముద్, అంటే యెరూషలేము తాల్ముద్‌కు మాత్రం లెక్క వేరు. ఆ సంఖ్య పట్టుకుని సెఫారియా సైట్‌లోకి వెళితే బాబిలోనియా తాల్ముద్ మూలం, పక్కనే ఇంగ్లీషు అనువాదం ఉచితంగా చదువుకోవచ్చు. మీ బడ్జెట్‌కు ఇంతకన్నా మంచి జోడీ లేదు.

ఎన్‌సైక్లోపీడియాలో వెతకడానికి కొంచెం ఓపిక కావాలి, స్పెల్లింగులు పాతవి. యోహానాన్ జె అక్షరం కింద ఉంటాడు. అకివా పేరును బి తో రాశారు. యెహూదా హనసీ కోసం 'మొదటి జూడా' అని వెతకాలి. రవ్ అని ఊరికే పిలిచే మహానుభావుడు అసలు పేరు అబ్బా అరిఖా కింద దొరుకుతాడు. రేష్ లకీష్ కావాలంటే షిమోన్ బెన్ లకీష్ దగ్గరకు పోవాలి.

తరాల లెక్క కావాలంటే ఇంకో పుస్తకం కూడా తిరగేయాలి. హెర్మన్ స్ట్రాక్ 1887లో జర్మన్‌లో రాసిన తాల్ముద్, మిద్రాష్ (లేఖన వ్యాఖ్యలు) పరిచయ గ్రంథాన్ని గుంటర్ స్టెంబెర్గర్ పూర్తిగా తిరగరాశాడు. ఇంగ్లీషులోకి 1991లో వచ్చింది. అందులో ఒక అధ్యాయం మొత్తం పండితుల పట్టికే. మిష్నా కాలం వారిని తన్నాయిమ్ అని, ఆ తరవాతి తాల్ముద్ కాలం వారిని అమోరాయిమ్ అని విడదీసి, తరం తరానికీ ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు చెబుతుంది. కథలు ఉండవు, చప్పగా ఉంటుంది. ఆ చప్పదనమే దాని బలం. దగ్గర్లో వేదాంత కళాశాల ఉంటే లైబ్రరీలో అడిగి చూడండి, కొనక్కర్లేదు.

పేర్ల విషయంలో కొన్ని గుర్తులు పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. రబ్బీ అనేది ఇశ్రాయేలు దేశపు పండితులకు, రవ్ అనేది బాబిలోనియా వారికి, రబ్బాన్ అనేది గమలీయేలు వంశంలోని నాయకులకు, యోహానాన్ బెన్ జక్కై లాంటి ఒకరిద్దరికి. హిల్లెల్, షమ్మయిలకు ఏ బిరుదూ లేదు. మిష్నాలో ఊరికే 'రబ్బీ' అంటే యెహూదా హనసీ, 'రబ్బీ యెహూదా' అంటే బర్ ఇలాయి, 'రబ్బీ షిమోన్' అంటే బర్ యోహాయ్. రబ్బీ ఎలాజార్ అన్న పేరు మిష్నాలో వస్తే బెన్ షమ్మువా, తాల్ముద్ చర్చల్లో అమోరాల మధ్య వస్తే బెన్ పెదాత్, నూరేళ్లకు పైగా తేడా. ఎలియెజెర్, ఎలాజార్ పేర్లయితే రాతప్రతుల్లో ఒకే మొదటి అక్షరంతో పొట్టిగా రాసేవారు, నకలు చేసినవాడు తనకు తోచినట్టు విప్పి రాసేవాడు. రబ్బా, రవా అనే ఇద్దరు బాబిలోనియా దిగ్గజాలకు హీబ్రూ రాతలో చివరి అక్షరం ఒక్కటే తేడా. అందుకే ఒక మాట ఎవరిదో తేలాలంటే ఆ పేజీలో ఎవరితో మాట్లాడుతున్నాడో చూడాలి. ఎదుట అబయే ఉంటే సాధారణంగా రవా అనుకోవచ్చు.

ఇప్పుడు తేదీలు. ఎంట్రీ మొదటి వాక్యంలో పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం కనిపించగానే మనం నమ్మేస్తాం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 987లో బాబిలోనియాలోని పుంబెదిత విద్యాపీఠం అధిపతి షెరీరా గావోన్‌కు ఇప్పటి ట్యునీషియాలోని కైరవాన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మిష్నా ఎలా తయారైంది, ఎవరి తరవాత ఎవరు అని ప్రశ్న. ఆయన రాసిన జవాబే ఈ రంగానికి పునాది. బాబిలోనియా పండితుల మరణాలను అందులో సెల్యూసిడ్ శకంలో, అంటే పాత గ్రీకు రాజుల కాలపు సంవత్సర లెక్కలో చెప్పాడు. ఆ సంఖ్యలో 311 తీసేస్తే దాదాపు మన క్రీ.శ. సంవత్సరం వస్తుంది. రవ్ బాబిలోనియాకు తిరిగి వచ్చింది 530, అంటే 219. ఆయన మరణం 558, అంటే 247. ఆయన సమకాలికుడు షమూయేల్ మరణం 565, అంటే 254. మీకు ఏ పుస్తకంలోనైనా కనిపించే తేదీలు ఎక్కువగా ఇవే. మరణ సంవత్సరాలు విద్యాపీఠాల జ్ఞాపకాల్లో నిలిచి ఉండొచ్చు కాబట్టి వీటికి ఎంతో కొంత విలువ ఉంది. పోతే, ఈ ఉత్తరానికి రెండు పాఠాలు ఉన్నాయి, మిష్నాను అసలు రాతలో పెట్టారా లేదా అన్న చోటే రెండూ విభేదిస్తాయి.

పుట్టిన సంవత్సరాల కథ వేరు. తాల్ముద్‌లోని కిద్దుషిన్ గ్రంథం 72వ ఆకు రెండో పక్కలో ఒక మాట ఉంది: అకివా చనిపోయిన రోజున రబ్బీ పుట్టాడు, రబ్బీ చనిపోయినప్పుడు రవ్ యెహూదా పుట్టాడు, రవ్ యెహూదా చనిపోయినప్పుడు రవా పుట్టాడు, రవా చనిపోయినప్పుడు రవ్ అషి పుట్టాడు. ఒక నీతిమంతుడు పోయేలోపు అలాంటివాడే మరొకడు పుడతాడని చెప్పడానికి అన్న మాట ఇది. రవా 352లో చనిపోయాడని షెరీరా లెక్క. అందుకని రవ్ అషి ఎంట్రీలో '352 నుంచి 427' అని కనిపిస్తుంది. రవ్ యెహూదాకు 220 నుంచి 299 అని రాసేదీ ఈ బాపతే. మరి అదే లెక్కన రవా 299లో పుట్టాలి కదా? పుస్తకాలు అలా రాయవు, '280 ప్రాంతం' అంటాయి. ఎందుకంటే రవా గురువుల్లో ఒకడైన రవ్ హిస్దా 309 ప్రాంతంలో చనిపోయాడు. పదేళ్ల పిల్లవాడు ఆయన ఎదుట కూర్చుని ధర్మసూక్ష్మాలు చర్చించాడంటే కుదరదు. అంటే ఒకే వాక్యాన్ని ఒకరి దగ్గర చరిత్రగా వాడుకుని, ఇంకొకరి దగ్గర ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టేశారు. పుట్టిన సంవత్సరం మీద పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టుకోవడం నాకు అలవాటు, మీరూ చేసుకోండి.

జీవిత కథల దగ్గరకు వద్దాం. రబ్బీ అకివాను తీసుకోండి, అందరికీ ఇష్టమైన పేరు. ఎంట్రీ ఇలా నడుస్తుంది: చదువురాని గొర్రెల కాపరి, యజమాని కూతురు ప్రేమించింది, ఆమె మాట మీద నలభయ్యో ఏట చదువుకు వెళ్లాడు, ఇరవై నాలుగు వేలమంది శిష్యులతో తిరిగొచ్చాడు, 135 ప్రాంతంలో రోమన్ల చేతిలో చనిపోయాడు. ఇప్పుడు మూలాలు తెరవండి. తాల్ముద్‌లోని కెతుబోత్ గ్రంథం 62వ ఆకులో కొత్త పెళ్లికొడుకుగా ఇల్లు విడిచి వెళతాడు. పన్నెండేళ్ల తరవాత పన్నెండు వేలమందితో ఇంటి దాకా వచ్చి, లోపల భార్య మాట విని గుమ్మం తొక్కకుండానే ఇంకో పన్నెండేళ్లకు తిరిగి వెళ్లిపోతాడు. అవోత్‌ను విస్తరించి రాసిన అవోత్ దె రబ్బీ నాతాన్ అనే గ్రంథం ఆరో అధ్యాయంలో ఈ ప్రేమకథ లేదు. అక్కడ నలభయ్యేళ్ల అకివా తన కొడుకును వెంటబెట్టుకుని పిల్లల బడికి వెళతాడు. పలక ఒక చివర తాను పట్టుకుంటాడు, రెండో చివర కొడుకు పట్టుకుంటాడు. రోజూ కట్టెలమోపు తెచ్చి సగం అమ్ముతాడు, మిగతా సగం మంట వెలుతురులో చదువుతాడు. పొగకు చస్తున్నాం, కట్టెలు మాకు అమ్మి నూనె కొనుక్కో అని ఇరుగుపొరుగు గొడవ పెడతారు. భార్య పేరు రాహేలు అని తేటగా చెప్పేది కూడా ఈ గ్రంథమే, తాల్ముద్ చెప్పదు. బడికి వెళ్లే కొడుకున్న మనిషి, ఇల్లు విడిచి వెళ్లిన కొత్త పెళ్లికొడుకు, ఇద్దరూ ఒక్కడెలా అవుతారు? ఎంట్రీ రాసినాయన రెండింటినీ కలిపి కుట్టేశాడు, కుట్టు కనపడదు.

ఆ నలభై సంగతి కూడా చూడండి. ద్వితీయోపదేశకాండం మీది సిఫ్రే అనే వ్యాఖ్య ప్రకారం మోషే, హిల్లెల్, యోహానాన్ బెన్ జక్కై, అకివా నలుగురూ నూట ఇరవయ్యేళ్లే బతికారు. నలుగురి జీవితాలూ మూడు నలభైలే. అకివాను మోషే పక్కన కూర్చోబెట్టాలన్న ఉద్దేశం అందులో తెలిసిపోతోంది. దాన్నుంచి వయసు లెక్కగడితే ఏం చెప్పాలి!

మరణం మరీ ఆసక్తికరం. బాబిలోనియా తాల్ముద్‌లో ఇనుప దువ్వెనలతో ఒళ్లు చీరుస్తుంటే అకివా 'ఇశ్రాయేలూ వినుము' చదువుతాడు, శిష్యులు 'గురువుగారూ, ఇంతవరకూనా?' అని అడుగుతారు. యెరూషలేము తాల్ముద్‌లో శిష్యుల ప్రశ్న లేదు. ఎదురుగా రోమన్ గవర్నర్ టినియస్ రూఫస్ ఉంటాడు, ప్రార్థన వేళ అయ్యేసరికి అకివా నవ్వుతాడు. గవర్నర్ 'ముసలాడా, నువ్వు మంత్రగాడివా, లేక బాధంటే లెక్కలేదా?' అంటాడు. రెండింటిలోనూ అకివా జవాబు సారం ఒకటే: 'పూర్ణాత్మతో' ప్రేమించే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది. ఒక చోట గురుశిష్యుల పాఠం, ఇంకో చోట పాలకుడితో వాదం. రూఫస్ నిజంగానే 132లో తిరుగుబాటు మొదలైనప్పుడు యూదయ గవర్నర్. అంతమాత్రాన సంభాషణ నిజమైపోదు. నాకైతే రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టుకుని చదవడంలో ఉన్న రుచి కలిపి కుట్టిన కథలో దొరకదు.

ఈ గొడవను అందరికన్నా గట్టిగా లేవనెత్తినవాడు అమెరికన్ పండితుడు జేకబ్ న్యూస్నర్. 1962లో యోహానాన్ బెన్ జక్కై జీవిత చరిత్ర రాశాడు, పాత పద్ధతిలో, కథలన్నీ కాలక్రమంలో పేర్చి. 1970లో అదే మనిషి మీద ఇంకో పుస్తకం తెచ్చాడు. ఈసారి జీవితం రాయలేదు. ఏ కథ ముందు ఏ గ్రంథంలో కనిపించింది, తరవాతి గ్రంథంలో దానికి ఏం చేరింది అని ఒక్కొక్కటీ విడదీసి చూపించాడు. ఆ తరవాత ఈ రంగంలో జీవిత చరిత్ర రాయడమే కష్టమైపోయింది. తెనాలి రామకృష్ణుడి కథలన్నీ పోగేసి ఆయన బయోగ్రఫీ రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి, న్యూస్నర్ అభ్యంతరం అర్థమవుతుంది. అయితే ఆయన వెనకాల వచ్చిన కొందరు ఏదీ తెలియదు పొమ్మన్నారు, అదీ అతే. ఎవరు ఎవరి పేరు మీద తీర్పు చెప్పారు, ఏ ఊరి విద్యాపీఠం, గురుశిష్య వరస ఏమిటి, ఇలాంటివి చాలావరకు నిలబడతాయనే నా ఉద్దేశం.

బెరూరియా అనే పండితురాలి గురించి చదివేటప్పుడు మాత్రం రెట్టింపు జాగ్రత్త కావాలి. రబ్బీ మెయిర్ భార్య, హనన్యా బెన్ తెరదియోన్ కూతురు అని ప్రతి గైడూ రాస్తుంది. అన్నిటికన్నా పాత ఆధారమైన తోసెఫ్తాలో (మిష్నాకు అనుబంధం లాంటి గ్రంథం) బెరూరియా ఒక చోట, పేరులేని 'హనన్యా కూతురు' వేరొక చోట కనిపిస్తారు. ఇద్దరినీ ఒకరిగా చేసింది బాబిలోనియా తాల్ముద్. ఇక ఆమె ఆత్మహత్య కథ తాల్ముద్‌లోనే లేదు, పదకొండో శతాబ్దంలో రాషి రాసిన వ్యాఖ్యలో ఉంది. ఆమెకూ రాషికీ నడుమ తొమ్మిది వందల ఏళ్లు. గైడులో మాత్రం అన్నీ ఒకే పేరాలో ఉంటాయి.

హీబ్రూ వచ్చిన మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం: ఆరోన్ హైమాన్ 1910లో ఈ పండితుల మీద లండన్‌లో వేసిన మూడు సంపుటాలకు సాటి ఇప్పటికీ లేదు. ఆయన ఏ కథనూ అనుమానించడు, కానీ ఒక పండితుడి పేరు వచ్చిన చోట్లు పోగేయడంలో ఆయన ఓపికకు దణ్ణం పెట్టాలి. జర్మన్ వస్తే బాఖర్ సంపుటాలు. పాతకాలపు వాటిలో అబ్రహాం జకూతో 1504లో ట్యునిస్‌లో ముగించిన సెఫెర్ యుహసీన్ అనే పండితుల వంశావళి సరదాగా ఉంటుంది. ఈయన ఖగోళ శాస్త్రవేత్త, 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టినప్పుడు పోర్చుగల్ చేరాడు. 1498లో కాలికట్ తీరానికి వచ్చిన వాస్కో డ గామా దారి చూసుకోవడానికి వాడింది ఈయన తయారు చేసిన పట్టికలనే. మిన్‌స్క్‌కు చెందిన యెహీయేల్ హైల్‌ప్రిన్ సెదెర్ హదోరోత్ ఆ తరవాతిది, ఇంకా పెద్దది. మీకు ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు.

మీరు చేయాల్సింది ఇదీ. అవోత్ రెండో అధ్యాయంలో యోహానాన్ బెన్ జక్కై ఐదుగురు శిష్యుల పేర్లు వస్తాయి. వాళ్లతో మొదలుపెట్టండి. ఎలియెజెర్ బెన్ హిర్కానోస్‌ది చాలా పెద్ద ఎంట్రీ, మొదటే దాని జోలికి పోకండి. షిమోన్ బెన్ నెతనేల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎలాజార్ బెన్ అరాక్ సరిగ్గా సరిపోతాడు. అవోత్‌లో గురువు ఆయన్ని ఆకాశానికెత్తేస్తాడు. ఆ తరవాత మిష్నాలో ఆయన దాదాపు కనిపించడు. ఎందుకని అడిగితే షబ్బాత్ 147వ ఆకు రెండో పక్క ఒక జవాబు చెబుతుంది: మంచి ద్రాక్షారసం, మంచి స్నానాల నీళ్లు ఉన్న ఊరికి వెళ్లి సుఖానికి అలవాటు పడి చదువంతా మరిచిపోయాడట. అదే సంగతి అవోత్ దె రబ్బీ నాతాన్ పద్నాలుగో అధ్యాయంలో ఇంకోలా ఉంది. ముందు ఎన్‌సైక్లోపీడియా ఎంట్రీ, తరవాత ఈ రెండు చోట్లూ చదవండి, ఒక సాయంత్రం పని. ఎంట్రీలో ఏది కుట్టు అనిపించిందో ఇక్కడే రాయండి, అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.